కంప్యూటరుతో గట్టు తగాదా

మా వీధిలో కంప్యూటరు చదువులు చదువుతున్న పిల్లలు ఈ మధ్య నన్ను ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆపేస్తున్నారు. పాల ప్యాకెట్టుకి వెళ్లినా అంతే, బండి దగ్గర వంకాయలు ఏరుకుంటున్నా అంతే. "ఆంటీ, ఇప్పుడు కోడంతా యంత్రమే రాసేత్తంది కదా, మరి మాకు ఉద్యోగాలుంటాయేటి?" అని అడుగుతారు. నేనేమన్నా జాతకాలు చెప్పేదాన్నా? రిటైరైన మనిషిని, వంకాయలు ఏరుకోనివ్వండి మొర్రో అన్నా వినరు. అందుకే అందరికీ కలిపి ఒక్కసారే రాసి పడేస్తున్నాను.

యంత్రం కోడు రాయడం ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. మా ఆఫీసులో అది కొన్నేళ్ల కిందటే మొదలైంది. ఇప్పుడు మీకు పట్టుకున్న భయమే అప్పుడు మాలో ఒకాయనకి పట్టుకుంది. ఆయన ఏం చేశాడో, యంత్రం మీద మేము పంచాయితీ ఎలా పెట్టామో, ఉల్లిపాయ కూడా ముట్టని మా మేనేజరు ఫిషింగ్ హార్బర్లో చేపల గంప ఎందుకు కొన్నాడో చెబుతాను. ఆ పైన మీ ఇష్టం.

మాది చిన్న కంపెనీ. సముద్రం ఒడ్డున కొండ మీద ఆఫీసు. సముద్రం కనిపించే కిటికీ ఒక్కటే ఉండేది, అది మేనేజరు గదిలో ఉండేది. మాకు కనిపించేది పక్క బిల్డింగు నీళ్ల ట్యాంకు. నా ఉద్యోగం ప్రాజెక్టు లీడు. అంటే అందరూ చేసిన పనిని ఒకచోట చేర్చడం, ఎవరూ చెయ్యని పనికి తిట్లు తినడం.

భయం పట్టుకున్నాయన మా సీనియర్ ప్రోగ్రామరు. సబ్బవరం దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. రోజూ మోటారు సైకిలు మీద వచ్చేవాడు. ఆఫీసులో మగవాళ్లందరూ ఆయన్ని బావ అనేవారు. ఆయనా అందర్నీ బావ అనేవాడు, ఫోనులో క్లయింట్లతో సహా. నన్ను మాత్రం మేడం అనేవాడు. నేను తమ్ముడూ అనేదాన్ని. ఇక్కడ మాత్రం బావ అనే రాస్తాను, ఆయనకి అదే సరిపోతుంది. కోడు ఎంత శుభ్రంగా రాసేవాడంటే, నాట్లు వేసిన మడిలా వరసలు వరసలుగా ఉండేది. నాకు విసుగు పుట్టినప్పుడు వెళ్లి ఊరికే చూసి వచ్చేదాన్ని.

ఇంకొకామె మా టెస్టరమ్మాయి. హార్బరు పక్కనున్న పాత ఊరు పిల్ల. వాళ్ల నాన్నగారికి అక్కడ పడవలకి తాళ్లు, వలల సామాను అమ్మే దుకాణం ఉంది. మా అందరి పనిలో తప్పులు పట్టడం ఆ అమ్మాయి ఉద్యోగం. "తప్పులు పట్టమని జీతమిచ్చి కూకోబెట్టినారు మేడం, ఇంతకన్నా ఏటి కావాలి?" అనేది.

ఇక మేనేజరు. మంచివాడే. కాకపోతే ఏదైనా శిక్షణకి పంపిస్తే అక్కడ విన్నది మనసులో ఉంచుకునే రకం కాదు. ఒకసారి ఏదో ఊరు వెళ్లి వచ్చాడు. వచ్చిన మర్నాడే మీటింగు పెట్టి, లడ్డూలు పంచి, "ఇకనుంచి మనం కోడు రాయం. బొమ్మ గీస్తాం. బొమ్మే కోడు" అన్నాడు.

ఆయన చెప్పింది మీకు అర్థమయ్యేలా చెబుతాను. పడవ అని ఒక పెట్టె గీస్తాం. గంప అని ఇంకో పెట్టె. కొనేవాడని మరొకటి. వాటి మధ్య గీతలు. పడవలో గంపలుంటాయి, గంపని కొనేవాడు కొంటాడు, ఇలా. దీన్ని మోడల్ అంటారు. మీట నొక్కితే ఆ బొమ్మని చూసి ఒక ప్రోగ్రాము కోడంతా తనే రాసేస్తుంది. ఆ ప్రోగ్రాముని మేము యంత్రం అనేవాళ్లం. ఏదైనా మార్పు కావాలంటే బొమ్మ మార్చి మళ్లీ మీట నొక్కాలి. కోడుని చేత్తో ముట్టుకోకూడదు.

ఈ పద్ధతికి మొదటి బలి మేకగా హార్బర్లో పడవల యజమానుల సంఘం వాళ్ల పని దొరికింది. పడవ వస్తుంది, గంపలు తూకం వేస్తారు, వేలం పాడతారు, అన్నీ అమ్ముడయ్యాక పడవకి మంచు చీటీ ఇస్తారు. ఆ చీటీ పట్టుకెళ్లి మంచు ఎక్కించుకుని పడవ జెట్టీ వదలాలి, వెనక వచ్చిన పడవకి చోటివ్వాలి. ఇదంతా ఫోనుల్లోకీ, జెట్టీ మీద పెట్టే పెద్ద తెర మీదకీ ఎక్కించాలి.

"ఇది కుదిరితే అన్ని పనులూ ఇలాగే చేస్తాం" అన్నాడు మేనేజరు సంబరంగా. "అప్పుడు చేత్తో కోడు రాసేవాళ్ల అవసరం పెద్దగా ఉండకపోవచ్చు."

అంత మాట లడ్డూ పెట్టి చెప్పకూడదు. నాకు ఒళ్లు మండింది. బావ చేతిలో లడ్డూ అలాగే ఉండిపోయింది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుతుంటే వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. "మేడం, ఆడే అంతా రాసేత్తే మరి నానేటి సేత్తాను?" యంత్రాన్ని అప్పుడే ఆడు అనడం మొదలుపెట్టేశాడు.

"నువ్వూ బొమ్మలు గీస్తావు తమ్ముడూ."

"నా బొమ్మలు మీరు సూళ్లేదు. సిన్నప్పుడు ఆవుని గీత్తే, మంచం బాగా గీసినావురా అన్నాడు మా మాస్టారు." నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు. "కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాను. పాపని మొన్ననే బళ్లో ఏసినాను. ఈ వయసులో నన్నెవుడు తీసుకుంటాడు మేడం?"

నాకు జాలేసింది. నా డబ్బాలోంచి ఆవకాయ కొంచెం ఆయన అన్నంలో వేశాను.

పని మొదలైంది. సంఘం కార్యదర్శి, యారాడ అనే ఊరాయన, రోజూ వచ్చి పెట్టెల పక్కన పెట్టెలు గీయించేవాడు. మీట నొక్కితే యంత్రం కోడు కుమ్మరించేది. అబద్ధం ఎందుకు, చాలామటుకు బాగానే ఉండేది. చిన్న చిన్నవే కుదిరేవి కావు. వేలం పాడేవాడికి దూరం నుంచి అక్షరాలు కనపడవు. రొయ్యలు అన్నింటికన్నా ముందు రావాలి, అవి అడుక్కి పోతాయి. బావ సాయంత్రం కూర్చుని ఆ కోడులోకి దిగి, చేత్తో సరిచేసి ఇంటికి వెళ్లేవాడు.

మర్నాడు పొద్దున్న కార్యదర్శి వచ్చి బొమ్మలో మంచు పెట్టె పక్కకి జరపమనేవాడు. బొమ్మ మార్చి మీట నొక్కేవాళ్లం. యంత్రం పాతదంతా తుడిచేసి మొదట్నుంచీ కొత్తగా రాసేది. బావ లైన్లు గల్లంతు.

మొదటిసారి ఆయన టెస్టరమ్మాయిని అనుమానించాడు. "నా లైన్లు ఎక్కడికెల్లిపోనాయి?"

"అరే, మీ లైన్లతో నాకేటి పని అన్నా? ఉన్న తప్పులే పట్టలేక సత్తన్నాను."

దొంగ ఎవరో తెలిశాక యుద్ధం మొదలైంది. బావ మళ్లీ రాశాడు, యంత్రం మళ్లీ తుడిచేసింది. 'ఇది బావ రాసినది, ముట్టుకోవద్దు' అని కోడు మధ్యలో ఒక గమనిక పెట్టాడు. యంత్రం దాన్నీ తుడిచేసింది. 'దయచేసి' చేర్చాడు. అదీ పోయింది. చివరికి ఎవరికీ తెలియని మూలల్లో దాచడం మొదలుపెట్టాడు, తర్వాత ఎక్కడ దాచాడో ఆయనకే గుర్తుండేది కాదు. సోమవారం పోయిన తప్పు మంగళవారం తిరిగొచ్చేది. టెస్టరమ్మాయి వాటిని చూసి "వచ్చినావా తల్లీ, రా, కూకో" అని పలకరించే స్థితికి వచ్చింది.

మేనేజరు గారి దగ్గర దేనికైనా ఒకటే మందు. "కోడు ముట్టుకోవద్దన్నాను కదా. బొమ్మలో గీయండి."

"అచ్చరాలు పెద్దగా కనపడాలని బొమ్మలో ఎలగ గీయను సార్? పెట్టె పెద్దది సెయ్యనా?" అన్నాడు బావ. అని ఊరుకోలేదు, చేశాడు కూడా. 'వేలం' పెట్టె పేజీ అంతా ఆక్రమించి, పడవ దానిపక్కన అగ్గిపెట్టెలా మిగిలింది. అక్షరాలు మాత్రం చీమలంతే ఉన్నాయి.

మేనేజరు పట్టు వదల్లేదు. ప్రతి చిన్న విషయాన్నీ బొమ్మలోకి ఎక్కించాలని కూర్చున్నాడు. బొమ్మ పెరిగింది. కాగితాలు అతికించి గోడకి పెట్టాం. గోడ చాలలేదు. స్తంభం చుట్టూ తిరిగి బాత్రూం తలుపు మీదకి వచ్చింది. పడవ పెట్టెకీ మంచు పెట్టెకీ మధ్య గీత ఆ తలుపు మీదుగా పోయేది. ఎవరైనా తలుపు తీస్తే పడవకీ మంచుకీ సంబంధం తెగిపోయేది. ముఖ్యమైన చర్చ జరుగుతున్నప్పుడు ఎవరూ లోపలికి వెళ్లకూడదని ఒక నియమం కూడా పెట్టుకున్నాం. దాన్ని పాటించడం మా వయసు వాళ్లకి చాలా కష్టమైంది.

ఇలా కొన్ని వారాలయ్యాక ఒక పొద్దున్న బావ మళ్లీ లైన్లు పోగొట్టుకుని, కుర్చీలోంచి లేచి, "మేడం, నాకిప్పుడు అర్థమైనాది. ఇది గట్టు తగాదా" అన్నాడు.

"ఏ గట్టు?"

"మా ఊళ్లో పక్క పొలం వోడు దున్నినప్పుడల్లా గట్టుని కూసింత గీకుతాడు. ఒక సాలు లోపలికి వత్తాడు. ఏటిరా అంటే, నాదే అనుకున్నాను బావా అంటాడు. ఈడూ అంతే. రోజూ నా మడి దున్నేత్తన్నాడు."

"అప్పుడు మీ ఊళ్లో ఏం చేస్తారు?"

"ఏటి సేత్తాం, పెద్దమనుసుల్ని పిలుత్తాం. తాడేసి కొలుత్తాం. రాళ్లు పాతుతాం."

మీరు నమ్మకపోయినా సరే, శనివారం మధ్యాహ్నం మా మీటింగు గదిలో పంచాయితీ జరిగింది. పెద్దమనుషులం నేనూ మేనేజరూ. మేనేజరు ఎందుకు ఒప్పుకున్నాడంటే, ఆయనకి పెద్దమనిషి అనిపించుకోవడం ఇష్టం. బావ వాది. ప్రతివాదిని, అంటే యంత్రం ఉన్న ల్యాప్‌టాప్‌ని, ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాం. మర్యాద తక్కువ కాకూడదని కింద దిండు కూడా వేశాడు బావ. టెస్టరమ్మాయి వాళ్ల నాన్న దుకాణం నుంచి పడవలు కట్టే నీలం తాడు చుట్ట తెచ్చింది. నేను మిరపకాయ బజ్జీలు తెప్పించాను.

బావ తన బాధంతా చెప్పుకున్నాడు. టెస్టరమ్మాయి సాక్ష్యం చెప్పింది. "సోమారం సూసినప్పుడు రొయ్యలు పైనున్నాయి. మంగళారం సూత్తే అడుగునున్నాయి. మద్దెలో ఈ ల్యాప్‌టాప్ తప్ప ఎవలూ లేరు."

"మరి ఆడేటంటాడు?" అని బావ కుర్చీ వైపు చూశాడు. ల్యాప్‌టాప్ తెర ఆరిపోయింది. టెస్టరమ్మాయి మీట నొక్కి మళ్లీ వెలిగించింది.

యంత్రం తరఫున మేనేజరే మాట్లాడాల్సి వచ్చింది. బజ్జీ కింద పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, "అది అనేదేం లేదయ్యా. గీసింది రాయడమే దానికి తెలుసు. అందులో ఏది తను రాసిందో, ఏది నువ్వు రాసిందో దానికి తెలియదు" అన్నాడు.

బావ వంగి దిండు మీది ప్రతివాదిని పరకాయించి చూశాడు. "తెల్దా?"

"తెలియదు."

"అయితే తప్పు ఆడిది కాదు మేడం. మా ఇద్దరి మద్దెన అసలు గట్టే లేదు."

తీర్పు అక్కడే అయిపోయింది. కోడు దాచే చోటుని రెండు వాటాలు చేశాం. ఒకటి యంత్రానిది. అందులో మనిషి చెయ్యి పెట్టడానికి వీల్లేదు, ఎంత చిన్న మార్పైనా బొమ్మలోంచే రావాలి. రెండోది బావది. అటు యంత్రం తొంగి చూడటానికి వీల్లేదు. మరి ఇటు పని అటు తెలియాలి కదా అని మేనేజరు అడిగితే, "గట్టుకి తూము పెడతాం సార్. నీల్లు పారాలి గదా" అన్నాడు బావ. యంత్రం తన కోడులో అక్కడక్కడా ఒక ఖాళీ వదిలి, 'ఇక్కడేమైనా ఉందా' అని బావ వాటాని అడుగుతుంది. ఉంటే తెచ్చుకుంటుంది, లేకపోతే తన దారిన పోతుంది. అక్షరాల సైజులు, రొయ్యల వరస లాంటివన్నీ ఆ తూముల్లోంచే పారాలి.

ఇలాంటి పద్ధతికి పుస్తకాల్లో మంచి ఇంగ్లీషు పేరుందని తర్వాత తెలిసింది. మాకు మాత్రం అది గట్టే. కొత్తగా చేరినవాళ్లకి కూడా "అది గట్టు అవతలిది, ముట్టుకోకు" అనే చెప్పేవాళ్లం. నీలం తాడుని ఆఫీసు నేల మీద కూడా పరిచాడు బావ. అటు బొమ్మలు గీసేవాళ్లు, ఇటు బావ. పని లేకుండా దాటినవాళ్లు సమోసాలు తెప్పించాలి. అందరికన్నా ఎక్కువ సమోసాలు మేనేజరే తెప్పించాడు, ఎందుకంటే ఆయన నడిచేటప్పుడు కిందకి చూడడు.

తప్పులు తిరిగి రావడం ఆగిపోయింది. అనవసరమైనవన్నీ బొమ్మలోంచి తీసేస్తే అది ఒక కాగితంలో పట్టింది. బాత్రూం తలుపు మాకు దక్కింది.

బావ భయం మాత్రం తగ్గలేదు. "గట్టు బాగానే ఉంది మేడం. కానీ సూడండి, ఆడికి అవతల ఎకరాలకి ఎకరాలు. ఇవతల నాది ఇంత పెరడు." నిజమే. కోడులో మూడొంతులకి పైగా యంత్రం రాసిందే. హార్బర్లో మొదటి రోజు చూడటానికి పై ఆఫీసు నుంచి పెద్దాయన వస్తున్నాడని, అది చూశాకే ఈ జట్టులో ఎవరిని ఉంచాలో తేలుస్తాడని కబురొచ్చింది. మేనేజరేమో సంఘం వాళ్లకి మాటిచ్చేశాడు. ఏ మార్పు అడిగినా జెట్టీ మీదే, మీ కళ్ల ముందే, బొమ్మ గీసి చేసి చూపిస్తామని.

"అది కుదిరితే నాతో పని లేదంటారు, కుదరకపోతే ప్రాజెక్టే లేదంటారు" అన్నాడు బావ.

ఆ రోజు తెల్లవారకముందే హార్బర్ చేరాం. హార్బర్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మంచు పిండి చేసే మిషను చప్పుడు, గంపల నీళ్లు, కాకులు, అరుపులు. మేనేజరు కొత్త తెల్లబూట్లు వేసుకొచ్చాడు. పై ఆఫీసు పెద్దాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఒక మూల నిలబడ్డాడు. టెస్టరమ్మాయి తూకం దగ్గర, బావ ల్యాప్‌టాప్‌తో ఒక మంచుపెట్టె మీద, నేను అందరి మధ్యా.

మొదటి పడవ కట్టారు. వేలం మొదలైంది. తెర మీద గంపలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి, రొయ్యలు ముందు, అక్షరాలు పెద్దగా. జనం ఫోనులు చూసుకుంటూ పాడుతున్నారు. కార్యదర్శి మీసం దువ్వుకున్నాడు. మేనేజరు పెద్దాయన దగ్గరికి వెళ్లి "బొమ్మే కోడు సార్" అన్నాడు.

అంతలో తెర ఆగింది. 'ఒక గంప అమ్ముడు కాలేదు. మంచు చీటీ ఇవ్వబడదు.'

వెతికితే ఆ గంప సరంగు కాళ్ల దగ్గర ఉంది. సరంగంటే పడవ నడిపించే పెద్ద. ఓ పాతిక కానాగంతలు, నాలుగు దోసిళ్ల రొయ్యలు, పది పన్నెండు చందువాలు.

"అది కూరండీ" అన్నాడు కార్యదర్శి.

కూర. వేటకెళ్లినవాళ్లు ఇంటికి కూర వండుకోవడానికి పక్కన పెట్టుకునే చేపలు. అవి అమ్మరు. ఈ సంగతి నాకు తెలుసు. బావకి తెలుసు. టెస్టరమ్మాయి హార్బరుకి కూతవేటు దూరంలో పుట్టింది. కార్యదర్శి ఆ కూర తినే పెరిగాడు. అయినా 'పడవలో వచ్చిన ప్రతి గంపా అమ్ముడవ్వాలి' అని ఆయనే గీయించాడు, మేం గీశాం. ఆయన లెక్కలో కూర గంప కాదు, కూర. అందరికీ మరీ బాగా తెలిసిన విషయం కాబట్టి ఎవరూ చెప్పలేదు.

"నా కంటికి గంప కనపడితే గంపే మేడం. తూకం ఏసేసినాను" అంది టెస్టరమ్మాయి.

మంచు లేకుండా పడవ కదలదు. అది కదలకపోతే వెనక పడవకి చోటు లేదు. హారన్లు మొదలయ్యాయి. సరంగు నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "మంచు ఇత్తారా, ఈయేలకి ఇక్కడే కాపరం పెట్టమంటారా?" అన్నాడు.

ఇక్కడ మేనేజరు గారు తన జీవితంలోకెల్లా చురుకైన పని చేశారు. ఫోను తీసి, తన పేరు కొనుగోలుదారుగా నమోదు చేసుకుని, ఆ గంప మీద పాట పాడేశారు. పోటీకి ఎవరూ రాలేదు. తెర మీద 'అమ్ముడైనది' అని వచ్చింది. మంచు చీటీ బయటికొచ్చింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"మా కూర కొన్నదెవుడ్రా?" అని పడవ మీంచి ఎవరో అరిచారు.

పడవ వాళ్లంతా చుట్టుముట్టారు. సరంగే అడిగాడు. "సేపలు తింటారేటి సార్?"

"తినను."

"ఇంట్లో వోలు?"

"ఎవరూ తినరు."

"మరి ఎవలికోసం కొన్నారు?"

"సాఫ్ట్‌వేర్ కోసం" అన్నాడు మేనేజరు.

సరంగు తన వాళ్ల వైపు తిరిగి, "సాఫ్ట్‌వేర్ కోసమంట్రా" అన్నాడు. అందరూ మేనేజరుని జాలిగా చూసి కాస్త వెనక్కి జరిగారు. కానీ వెనక పడవలోనూ ఒక కూర గంప ఉంది. దాని వెనక దాంట్లోనూ ఉంది. జెట్టీ మీద కూరంతా ఒక్కడే కొనలేడు కదా.

పెద్దాయన రుమాలు తీసి బావ దగ్గరికి వచ్చాడు. "ఏమయ్యా, ఆ అడ్డం తీసేయడానికి కోడులో ఎంత మార్చాలి?"

"ఒక్క లైను సార్."

"అయితే చేత్తో మార్చేయ్. తర్వాత చూసుకుందాం."

బావ వేళ్లు మీటల మీద ఉన్నాయి. ఆ ఒక్క లైను మారిస్తే పడవలు కదులుతాయి. చేత్తో రాసేవాడు లేకపోతే ఏమయ్యేదో పెద్దాయనకి తెలిసొస్తుంది. కోడు ముట్టుకోవద్దనే మేనేజరు కూడా తల ఊపేశాడు. మార్చెయ్ తమ్ముడూ అని నేనే అనబోయాను.

"ఆ లైను గట్టు అవతల ఉంది సార్. అది ఆడిది. నాను దిగను" అన్నాడు బావ.

"ఏ గట్టు?" అన్నాడు పెద్దాయన.

జవాబు చెప్పే తీరిక ఎవరికీ లేదు. బావ అప్పటికే బొమ్మ తెరిచాడు. పడవ పెట్టె పక్కన ఇంకో పెట్టె గీశాడు. అది ఒక పక్కకి ఒరిగి, అచ్చం మంచంలా ఉంది. లోపల 'కూర' అని రాశాడు. పడవ నుంచి దానికి గీత గీశాడు. వేలానికి గీయలేదు. తలెత్తి సరంగుని అడిగాడు. "బావా, కూర ఎవలెవలికి?"

"పడవ పని సేసినోలందరికీ."

"ఎలగ పంచుతారు?"

సరంగు ఒకటి చెప్పాడు. వెనక పడవ సరంగు, అలా కాదు, వంట చేసేవాడికి ముందు ఇవ్వాలన్నాడు. మూడో పడవాయన, మా పడవలో పెద్ద చేప ఎప్పుడూ వల లాగినవాడిదే అన్నాడు. ముగ్గురికీ అక్కడే మాటా మాటా పెరిగింది.

"ఇది బొమ్మలో పట్టదు మేడం. ఎవలి పడవ పద్దతి వోలది. ఇది నా పెరట్లోకొత్తాది" అన్నాడు బావ. నా వైపు చూసిన ఆ చూపులో ఎన్నో నెలలుగా లేని హుషారు కనిపించింది. గట్టు ఇవతల చకచకా కొన్ని లైన్లు రాశాడు. మీట నొక్కాడు. యంత్రం అవతలంతా తుడిచి కొత్తగా రాసుకుంది. ఇవతలిది ముట్టుకోలేదు. తెర మీద 'కూర' అని పెద్ద అక్షరాలతో వచ్చింది. వెనక పడవకి మంచు చీటీ వచ్చింది. దాని వెనక దానికీ వచ్చింది. హారన్లు ఆగాయి.

మేనేజరు పాడిన పాట రద్దు చేద్దామంటే, రద్దు అనే పెట్టె మేం గీయలేదు. ఆయన పేరు హార్బర్ కొనుగోలుదారుల్లో ఉండిపోయింది. ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఆయన ఫోనుకి 'నేడు వంజరం బాగా పడినది, త్వరపడండి' అని వస్తుందట, సరిగ్గా పూజలో ఉండగా.

పెద్దాయన వెళ్లేముందు నన్ను పక్కకి పిలిచి, గట్టు అంటే ఏమిటో చెప్పించుకున్నాడు. అంతా విని, "రేపు యంత్రం ఇంకా ఎక్కువ రాసినా, గట్టు ఎక్కడుండాలో తెలిసినవాడు కావాలి కదండీ" అన్నాడు. ఆయన నోట విన్న మంచిమాట అదొక్కటే, అందుకే గుర్తుంచుకున్నాను.

అప్పటికి ఎండెక్కింది. మొదటి పడవ సరంగు తన పడవని పక్కకి కట్టించి వచ్చి, మేనేజరు తిరిగిచ్చేసిన గంప ముందేసుకుని కూర పంచుతున్నాడు. తన వాళ్లకి వేశాడు. తర్వాత "రండి మేడం" అని నాకు ఒక కవరు అందించాడు. తూకం వేసినందుకు టెస్టరమ్మాయికి ఒకటి. కొన్నవాడు కదా అని మేనేజరుకీ ఒకటి ఇచ్చాడు. ఆయన దాన్ని తడి చంటిపిల్లని పట్టుకున్నట్టు చేతులు చాచి పట్టుకున్నాడు. బావ కవరులో సరంగు ఒక చందువా ఎక్కువ వేశాడు.

బావ దాన్ని తీసుకుని, మంచుపెట్టె మీదున్న ల్యాప్‌టాప్‌ని చూపించాడు. "మరి ఆడికి? పనంతా ఆడే సేసినాడు బావా."

సరంగు ల్యాప్‌టాప్‌ని కాసేపు చూశాడు. "దానికి ఇల్లుందేటి?"

"లేదు."

"పిల్లలు?"

"లేరు."

"మరి దానికి కూరెందుకు బావా" అని గంప దులిపేసి లేచాడు.

బావ ఎంత నవ్వాడంటే, మంచుపెట్టె మీంచి జారి నీళ్లలో కూర్చున్నాడు. తర్వాత తడిసిన ప్యాంటుతోనే, మోటారు సైకిలు హ్యాండిలుకి కూర కవరు తగిలించుకుని సబ్బవరం వెళ్లిపోయాడు. ఆ ఉద్యోగంలో ఇప్పటికీ ఉన్నాడు. యంత్రం మాత్రం ఖాళీ కడుపుతో, ఆటోలో నా ఒళ్లో కూర్చుని ఆఫీసుకి వచ్చింది.